కుండీకి నాలుగు హద్దులు

తెనాలి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి రేకుల షెడ్డులో కూర్చుని ముప్ఫై నాలుగేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నిటికీ దస్తావేజులు రాసిన దామరాజు పానకాలరావుకి సొంత ఇల్లు లేదు. అందుకు కారణం బీదతనం కాదు, జ్ఞానం. ఫలానా ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే ఆయన ముందు ఇల్లు చూడడు, కాగితాలు చూస్తాడు. కాగితాలు చూశాక ఇల్లు చూడాల్సిన పని ఉండదు. ఒకదాంట్లో తాతగారి వీలునామాకి సాక్షి ఒక్కడే. ఇంకోదాంట్లో పడమటి హద్దు ఓ దస్తావేజులో వీరయ్యగారి దొడ్డి, తొమ్మిదేళ్ళ తర్వాతి దస్తావేజులో వీరయ్యగారి గోడ. మధ్యలో ఆ దొడ్డి ఎటు పోయిందో చెప్పే నాథుడు లేడు. చెరువు వీధిలో ఒక పెంకుటిల్లు ఆయన భార్య శేషారత్నానికి ఎంతో నచ్చింది గాని, అందులో అమ్మేవాళ్ళ పెద్దాడపడుచు సంతకం పడలేదు. సంతకం పెట్టని ఆడపడుచు ఎప్పటికైనా వస్తుందని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం పుణ్యమా అని శేషారత్నం పదకొండు అద్దె ఇళ్ళు మారింది. దిగిన వారానికల్లా ప్రతి ఇంటి పెరట్లోనూ ఒక కరివేపాకు మొక్క నాటేది. కరివేపాకు ఓ పట్టాన నాటుకోదు. అది నాటుకుని, మనిషెత్తు ఎదిగి, రెబ్బ తుంచితే పక్కింటికి వాసన వెళ్ళే నాటికి ఇంటివాళ్ళబ్బాయికి పెళ్ళి కుదిరేది, ఇల్లు ఖాళీ చెయ్యమనేవాళ్ళు. అలా పదకొండు పెరళ్ళలో పదకొండు చెట్లు వదిలేసి వచ్చింది. ఇప్పటికీ ఆ వీధుల్లో వెళ్తే గోడమీంచి తొంగిచూసి, ఎండిన కొమ్మ కనిపిస్తే ఆ పూట అన్నం సరిగా తినదు. "ఎవరూ లెమ్మనని చోట ఒక్క చెట్టు పెంచుకోవాలండీ," అన్నదే ఆవిడ మొగుణ్ణి అడిగిన కోరిక. అది విన్నప్పుడల్లా పానకాలరావుకి సిగ్గేసేది. అయినా ఆ ఆడపడుచుని మాత్రం ఆయన క్షమించలేకపోయేవాడు.

ఇలా ఉండగా విజయవాడలో ఒక పెద్ద హోటల్లో విదేశీ గృహమేళా పెట్టారు. ఆ రోజుల్లో అదొక అంటువ్యాధి. పక్కవీధి పెళ్ళికి కూడా వెళ్ళని బద్ధకస్తులు సముద్రాల అవతల ఫ్లాట్లు కొంటున్నారు. పిల్లలు లేని పానకాలరావు, భార్య పోరు పడలేక, ఏసీలో కాసేపు కూర్చోవచ్చని వెళ్ళాడు. కొరాంబా అనే ద్వీపదేశం స్టాలు ముందు టై కట్టుకున్న నలభై ఏళ్ళ మనిషి ఆపాడు. ఊరు గుడివాడ, పేరు చక్రధరరావు. పలకడం కొరాంబా వాళ్ళకి కష్టమని కార్డు మీద 'చక్' అని కత్తిరించుకున్నాడు.

"లింకు దస్తావేజులు చూపించు, తాతల నాటి నుంచీ చేతులు మారినవన్నీ," అన్నాడు పానకాలరావు కూర్చోకముందే.

"లింకులు లేవు బాబాయ్ గారూ."

పానకాలరావు వెనక్కి తిరిగాడు.

"ఎందుకు లేవో అడగండి బాబాయ్! కొరాంబాలో పరదేశీకి నేల అమ్మరు. జానెడు కూడా అమ్మరు. వాళ్ళ చట్టం అట్టాంటిది. ఫ్లాటు అమ్ముతారు, అదీ ఆకాశంలో. మీది పద్నాలుగో అంతస్తు. బిల్డింగు లేవకముందు అక్కడ ఏవుందీ? గాలి. గాలికి తాతలుంటారా, వీలునామా రాస్తారా? గాలికి ఆడపడుచులుంటారా బాబాయ్, సంతకం పెట్టలేదని కోర్టుకెక్కడానికి?"

పానకాలరావు కూర్చున్నాడు. మచ్చలేని హక్కు అనేది భూమ్మీద దొరకదని ఆయనకి తెలుసు. ఆకాశంలో వెతకాలని ఇన్నేళ్ళూ తట్టలేదు.

"బాల్కనీ ఉందా నాయనా?" అనడిగింది శేషారత్నం.

"సముద్రం వైపు పిన్నిగారూ."

"ఎండ వచ్చిద్దా?"

"ఎండ తప్ప ఏదీ రాదు."

"అయితే కుండీ పెట్టుకోవచ్చు," అంది ఆవిడ. ఆ ఒక్క మాటతో బేరం తెగింది. ఉన్నదంతా ఊడ్చి, మూడు నెలల్లో ఇద్దరూ కొరాంబా చేరారు.

ఫ్లాటు బాగానే ఉంది. హాలు, పడకగది, వంటగది, బాల్కనీ. పాలు పొంగించిన మర్నాడే శేషారత్నం నర్సరీ నుంచి ఒక కుండీ, దాన్నిండా మట్టి, నాలుగాకుల కరివేపాకు మొక్క తెచ్చింది. అది నాటుకోవడానికి నెల పట్టింది. ఐదో ఆకు వేసిన రోజున ఆవిడ పాయసం కాచి, ఆ భవనంలో వరండాలు ఊడ్చే మాయ్ లీనా అనే పెద్దావిడకి కూడా ఒక గిన్నెడు ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ మొక్క పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నారు.

ఆ వారమే తలుపు తట్టి ఒక అధికారి వచ్చాడు. విదేశీయుల భూస్వాధీన నిరోధక శాఖ ఇన్‌స్పెక్టరు. కొరాంబా అధికారులు మాట్లాడేది ఇంగ్లీషే గాని, దాన్ని మన ప్రభుత్వ తెలుగులోకి మారిస్తే తప్ప దాని రుచి దక్కదు. ఏ దేశమైనా ఆఫీసర్ల మాతృభాష ఒకటే.

"ఈ పాత్రయందు గల పదార్థము ఏమని తమరు ధ్రువీకరించుచున్నారు?"

"మట్టండీ," అన్నాడు పానకాలరావు.

"సదరు మట్టి ఎచ్చటిది?"

"ఇక్కడే, నర్సరీలో కొన్నామండీ."

"కొన్నట్లు అంగీకరించుచున్నారు," అని రాసుకుని ఇన్‌స్పెక్టరు టేపు తీశాడు. వ్యాసం అడుగు, లోతు పది అంగుళాలు. కొలిచి, సముద్రం వైపు తిరిగాడు. "రెండువందల సంవత్సరములుగా మా దేశము అంగుళము భూమిని పరాయివానికి కోల్పోలేదు. నేడు కోల్పోయినది."

"అయ్యా, కుండీలో మట్టి నేలెట్టా అయిద్ది?"

"నేల అనగా మట్టి సమూహము. సమూహమునకు కనీస పరిమాణము చట్టమున నిర్దేశింపబడలేదు."

"పోనీ ఈ మట్టి తీసేసి, మా తెనాలి మట్టి తెప్పించుకుంటా."

ఇన్‌స్పెక్టరు ముఖం గంభీరమైంది. "ఒక దేశము తన నేలను వేరొక దేశములోనికి కొనివచ్చుటను మా శాఖయందు దండయాత్ర అందురు. దానికి వేరే ఫారము కలదు."

కుండీకి నోటీసు అంటించి ఆయన వెళ్ళిపోయాడు. పదిహేను రోజుల్లో ఆ భూమిని వదులుకోవాలి. వదలకపోతే ఇల్లు జప్తు.

కబురందుకుని చక్ పరుగెత్తుకొచ్చాడు. "దీనికే బెంగపడితే ఎట్టా పిన్నిగారూ? ఇక్కడ తోటలూ విల్లాలూ కొన్న పరదేశీలంతా చేసే పనే. నేల లోకల్ మనిషి పేరున పెడతాం, మనం లీజుకి తీసుకుంటాం. కొనడానికే అడ్డం, లీజుకి అడ్డం లేదు. కుండీలో మట్టిని మాయ్ లీనా పేరున పెట్టేద్దాం. లీజు కాగితం నేను రాయిస్తా."

"నువ్వు రాయించేదేంది?" అన్నాడు పానకాలరావు. ఆయన కలం పట్టి అయిదు నెలలైంది. వేళ్ళు దురద పెడుతున్నాయి.

ఆ మధ్యాహ్నం భోజనం కూడా మానేసి ఆయన రాసిన దస్తావేజు వృత్తికే వన్నె తెచ్చింది. నాలుగు హద్దులూ చెప్పాడు: తూర్పున బాల్కనీ కటకటాలు, ఆపైన ప్రభుత్వంవారి ఆకాశం; దక్షిణాన బట్టలారేసే దండెం; పడమట హాలు తలుపు; ఉత్తరాన పడకగది గోడ. తర్వాత, ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రతి దస్తావేజులోనూ రాసిన వాక్యం కలం దానంతటదే రాసుకుపోయింది: "సదరు హద్దుల మధ్యగల భూమి, అందలి జల తరు పాషాణ నిధి నిక్షేపములతోను, వచ్చిపోవు దారి హక్కుతోను, నీటి పారుదల హక్కుతోను, తత్సంబంధమైన యావత్తుతోను, అందలి చెట్టు నిలిచియున్నంత కాలము ఆచంద్రార్కము మీరు లీజుహక్కున సుఖముగా అనుభవించగలవారు."

"కుండీకి ఇంత కావాలా బాబాయ్?" అన్నాడు చక్.

"భూమి భూమే. మాయ్ లీనాకి ఆడపిల్లలున్నారా?"

"నలుగురు."

"నలుగుర్నీ పిలిపించు."

నలుగురు కూతుళ్ళూ పనులు మానుకుని వచ్చి, అమ్మ పేరు మీదున్న కుండెడు మట్టి తాలూకు లీజు మీద వరసగా సంతకాలు చేశారు. ప్రమాణపూర్వక అనువాదకుడు మాట పోకుండా దాన్ని కొరాంబా భాషలోకి మార్చాడు. రిజిస్ట్రేషనైన సాయంత్రం పానకాలరావు చాలా రోజుల తర్వాత కూనిరాగం తీశాడు.

మాట పోకుండా మార్చడమే కొంప ముంచింది. పది రోజులకి రహదారుల శాఖవారు దిగారు.

"తమ దస్తావేజునందు దారి హక్కు కలదు. భూమికి దారి యుండిన, అది రహదారి. రహదారి పది అడుగులకు తగ్గరాదు." లిఫ్టు దగ్గర మొదలుపెట్టి, గుమ్మంలోంచి, హాలు మీదుగా బాల్కనీ దాకా కొలిచారు. హాలు పదకొండడుగులు. ఒక అడుగు మిగిలింది. నడుమ తెల్లగీత కొట్టి, పడకగది నుంచి స్నానాలగదికి వెళ్ళే చోట అడ్డగీతలు గీసి, సోఫాకి రోడ్డు ఆక్రమణ నోటీసు అంటించి వెళ్ళారు.

చక్ వచ్చి చూసి పొంగిపోయాడు. "రోడ్డు ఫేసింగ్ అయిపోయింది బాబాయ్! ఇప్పుడు దీని రేటేందో తెలుసా?"

తర్వాత నీటిపారుదల శాఖ వచ్చింది. శేషారత్నం వంటగది కుళాయి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి మొక్కకి పోస్తుందని విచారణలో తేలింది. చెంబు నడిచిన మేరంతా కాలువ అన్నారు. వంటగది జలాశయం అన్నారు. నీటి విడుదల మంగళ, శుక్రవారాల్లో మాత్రమేనని బోర్డు పెట్టారు. ఆ రెండు రోజుల్లోనే వాళ్ళు మిగతా రోజులక్కూడా కలిపి అన్నం వండుకునేవాళ్ళు.

నిధుల శాఖాధికారి అందరికంటే మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, రోడ్డుకి ఎడమ పక్కగా నడిచి వచ్చాడు. "దస్తావేజునందు నిధి నిక్షేపములు అని పేర్కొనియున్నారు. అవి ఎచ్చట కలవు?"

"ఎక్కడా లేవండీ. ఊరికే రాస్తాం."

"లేనిచో ఏల వ్రాయబడును?"

పానకాలరావు కొన్ని వేల దస్తావేజుల్లో ఆ మాట రాశాడు. తెనాలిలో ఒక్కడూ ఈ ప్రశ్న వెయ్యలేదు. తవ్వకాలు జరిగేదాకా కాపలా కోసమని పడకగదిలో ఒక జవాను మంచం వేశారు. జవాను మంచివాడు. శేషారత్నం చేసిన కందిపొడి అలవాటు చేసుకున్నాడు.

ఈ లెక్కన పానకాలరావు చేతిలో పూర్తిగా మిగిలింది స్నానాలగది. అక్కడికి వెళ్ళాలన్నా రోడ్డు దాటాలి.

నెల తిరక్కుండా భూ కమిషనరు ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. విచారణ హాల్లో కమిషనరు చదివి వినిపించాడు: "రహదారి భూమియే. కాలువ భూమియే. నిధులుగల ప్రదేశము భూమియే. కావున సదరు ఫ్లాటు సమస్తము భూమియైనది. భూమియందు విదేశీయునికి యాజమాన్యము కుదరదు. యాజమాన్యము రద్దు." కళ్ళద్దాలు తీసి కాస్త మెత్తబడ్డాడు. "అయితే ప్రభుత్వము దయాశూన్యము కాదు. వారము లోపున ఆ మొక్కను పెరికి, మట్టిని జాతికి అప్పగించినచో, భూమి లేదు. భూమి లేనిచో దారి లేదు, కాలువ లేదు. ఫ్లాటు యథాపూర్వము గాలియై తమకు దఖలు పడును."

"పీకెయ్యండి బాబాయ్," అన్నాడు చక్ దారిలో. "నాలుగాకుల మొక్క. కూరలో కరివేపాకులా తీసి పారేసేదేగా! ఇంత ఇల్లు పోగొట్టుకుంటారా?"

ఇంటికొచ్చేసరికి శేషారత్నం కుండీ పక్కన కూర్చుని ఉంది. జరిగింది విని, మొక్క ఆకులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇప్పుడది తొమ్మిదాకులు.

"పీకండి," అంది. "పదకొండు వదిలొచ్చా. ఇదింకా పిల్లది. పెద్దగా తెలీదు దీనికి."

కోప్పడినా బాగుండేది. పానకాలరావు వంగి మొదలు పట్టుకున్నాడు. వేళ్ళకి వాసన అంటింది. పదకొండు పెరళ్ళలో ఆవిడ చేతుల నుంచి వచ్చిన వాసనే. కాగితాలు చదవడం తప్ప ఇంకేం చేతకాని తను, ఆ కాగితాలు అడ్డం పెట్టుకుని ఈ మనిషిని ముప్ఫై నాలుగేళ్ళు ఊరంతా తిప్పాడు. ఆయనకి ఏడుపొచ్చింది. మొదలు వదిలేసి, రోడ్డు దాటి వెళ్ళి, పెట్టెలోంచి దస్తావేజు తీశాడు.

ఇన్నేళ్ళలో ఊళ్ళోవాళ్ళ దస్తావేజుల్లో తప్పులు వెతికాడు గాని, తాను రాసినదాన్ని వెనక్కి తిరిగి చదివింది లేదు. ఇప్పుడు చదివాడు. "వచ్చిపోవు దారి హక్కుతోను..." దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. మూడోసారి పైకి చదివాడు. నిధుల జవాను ఉలిక్కిపడి లేచాడు.

"రత్నం, మొక్కకి నీళ్ళు పొయ్యి," అన్నాడు.

"ఇవాళ బుధవారం గదండీ."

"పొయ్యమంటన్నాగా!"

మర్నాడు కమిషనరు ముందు దస్తావేజు పరిచాడు. "అయ్యా, మా ఫ్లాటులో దారి ఎవరిదండీ?"

"కుండీభూమికి చెందినది."

"కాలువ?"

"కుండీభూమికే."

"పడకగదిలో నిధులు?"

"సందేహమేల? కుండీభూమికే."

"అంటే ఫ్లాటు మొత్తం కుండీకి సంబంధించిందనే గదా తమ తీర్పు. కుండీ మాయ్ లీనాది. నాది కాదు, ఒప్పుకుంటన్నా. కానీ దారితో, నీళ్ళతో, నిధులతో, తత్సంబంధమైన యావత్తుతో, చెట్టు నిలిచున్నంత కాలం అది నాకు లీజుకిచ్చారు. తమ ఆఫీసు ముద్ర ఇదుగో. పరదేశీ భూమి కొనకూడదన్నారు. లీజుకి ఉండకూడదని తమ చట్టంలో ఎక్కడుందో చూపించండి."

కమిషనరు చదివాడు. పక్కనున్న ముగ్గురు శాఖాధిపతులు చదివారు. చట్టం పుస్తకం తెప్పించి తిరగేశారు. ఎక్కడా సందు దొరకలేదు.

"వారసుల సమ్మతి?" అన్నాడు కమిషనరు ఆఖరి ఆశగా.

"నలుగురాడపిల్లల సంతకాలూ వెనక పేజీలో ఉన్నయ్యండీ," అన్నాడు పానకాలరావు. ఆ మాట అనడం కోసమే పుట్టినట్టనిపించింది ఆయనకి.

తీర్పు మధ్యాహ్నానికి వచ్చింది. సదరు ఫ్లాటు, కుండీకి అనుబంధ భూమిగా, మాయ్ లీనాది. అందులో పానకాలరావు దంపతులు ఆచంద్రార్కం ఉండవచ్చు. వాళ్ళని లెమ్మనడానికి ప్రభుత్వానికి గాని, యజమానురాలికి గాని అధికారం లేదు. ఒకే షరతు: సాగుభూమి గనక చెట్టు నిలిచి ఉండాలి. చెట్టు ఎండిన రోజున లీజు చెల్లిపోతుంది.

"ఇంతకీ ఇల్లు మనదేనా?" అనడిగింది శేషారత్నం.

"కాదు," అన్నాడు పానకాలరావు. "పన్నెండో అద్దిల్లు."

"చెట్టో?"

"చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు. దాని నీడనే మనం ఉండేది."

ఆవిడ కుండీ దగ్గరికి వెళ్ళి, తీర్పు విని వచ్చిన మాయ్ లీనా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. మాయ్ లీనా కొంగుతో ఆవిడ కళ్ళు తుడిచి, తన ఇంటిని చీపురుతో ఊడవడం మొదలుపెట్టింది. అలవాటైన చెయ్యి.

ఆ తర్వాత కొరాంబాలో కుండీలు లేని ఫ్లాటు అమ్ముడుపోవడం మానేసింది. చక్ కార్డు మీద 'ఫ్లాట్లు, కుండీలు' అని అచ్చయింది. మేళాల్లో ఇప్పుడు కొనేవాళ్ళు సముద్రం కనిపిస్తుందా అని అడగరు, కుండీకి ఆడపిల్లల సంతకాలు అయ్యాయా అని అడుగుతారు. భూస్వాధీన నిరోధక శాఖ ఇన్‌స్పెక్టరు ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి, చెట్టు సజీవముగా నున్నదని ధ్రువీకరించి, చివరికి మమకారం పెరిగి, తనే గొప్పు తవ్వి వెళ్తున్నాడు.

మొన్న ఒక మధ్యాహ్నం చారు పొయ్యి మీద ఉంది. తాలింపులో ఆవాలు చిటపటలాడుతున్నాయి. పానకాలరావు రోడ్డు దాటి బాల్కనీలోకి వెళ్ళి, భుజమెత్తు ఎదిగిన చెట్టు నుంచి రెండు రెబ్బలు తుంచి, మూడోదాని మీద చెయ్యి వేశాడు.

వంటగదిలోంచి శేషారత్నం కేక పెట్టింది.

"రెండు చాలండీ! మూడోది తుంచితే హాలు పోద్ది!"